ఓరుగంటి వీధులు, పెద్ద బండ్లు

ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేట మూడును నేడొక్క నగరమైనవి. ఈ నగరమున నలుగురు గృహస్థులు కూడినచోట నెల్ల ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. కారు కొనవలెనా యనునది కాదు. అది యెన్నడో తేలిపోయినది. మామూలు కారా, ఎస్‌యూవీయా యనునదియు కాదు, అదియు తేలినట్లే. 2024–25 సంవత్సరమున మన దేశమున అమ్ముడుపోయిన ప్రయాణపు బండ్లలో నూటికి 65 పాళ్లు ఎస్‌యూవీలును, వాని దగ్గరి చుట్టములును అయియున్నవని తయారీదారుల సంఘమువారే లెక్క చెప్పియున్నారు. మిగిలిన ప్రశ్న యొక్కటే: ఎస్‌యూవీలలో చిన్నదా, పెద్దదా? నాలుగు మీటర్లకు లోపలి బండితో తృప్తిపడవలెనా, మరి నాలుగైదు లక్షల అప్పు పెంచి దానికంటె మూరెడు పొడవైన దానికి పోవలెనా, లేక మూడు వరుసల సీట్లుగల మహావాహనమునే తెచ్చి వాకిట నిలుపవలెనా?

ఇది గృహస్థుని సొంత వ్యవహారము, పత్రికల కేల యని కొంద రడుగవచ్చును. చీర కొనుట సొంత వ్యవహారమే, నగ కొనుట సొంత వ్యవహారమే. వానిని బీరువాలో దాచుకొనవచ్చును. బండిని దాచుకొనుటకు వీలులేదు. పగలెల్ల అది అందరి వీధిలో తిరుగును. రాత్రియెల్ల, పదింట తొమ్మిది యిండ్లలో, అందరి వీధిలోనే పండుకొనును. ఒకడు కొనిన వెడల్పును పదిమంది భరింపవలసియున్నపుడు ఆ వెడల్పును గూర్చి పదిమంది మాటాడుట తప్పు కాజాలదు. ఇక కొనినవాని కష్టసుఖములు వేరుగా నున్నవి. ఇంటివారి యేడెనిమిదేండ్ల సంపాదనలో గణనీయమైన భాగము ఈ యొక్క నిర్ణయముపై నాధారపడియున్నది. ఐనను షోరూములో గడియసేపు కూర్చుండి, కాఫీ త్రాగి, రంగు నిర్ణయించి వచ్చువారే యెక్కువ. పెండ్లిచీరకు నాలుగు దుకాణములు తిరుగు సంసారము బండికి ఒక్క దుకాణముతో సరిపెట్టుకొనుచున్నది.

మొదట కొలతలు చూతము. బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లు, వెడల్పు 1790. నెక్సాన్ పొడవును అంతే; వెడల్పు 1804. ఇవి చిన్న తరగతివి. నడిమి తరగతిలో ఎక్కువగా పేరు వినవచ్చు క్రెటా 2024 నాటి రూపమున 4330 పొడవు, 1790 వెడల్పు. పెద్ద తరగతిలో స్కార్పియో-ఎన్ 4662 పొడవు, 1917 వెడల్పు. ఫార్చ్యూనర్ 4795 పొడవు, 1855 వెడల్పు. ఈ యంకెలను ఒకచోట చేర్చి చూచినపుడు తెలియు సంగతి యొకటి కలదు. చిన్నదానికిని నడిమిదానికిని వెడల్పులో భేదము లేదు. వెనుక సీటున ముగ్గురు పెద్దవారు భుజము లొరసికొనుచు కూర్చుండుట బ్రెజాలో నెట్లో క్రెటాలోను ఇంచుమించుగా నట్లే. నడిమి తరగతి వారికి లభించునది అడుగు పైచిలుకు పొడవు మాత్రమే. అది వెనుక కూర్చుండువారి మోకాళ్లకును, డిక్కీకిని పంచబడినది. పొడగరులైన కుమారులున్న యింటికి అదియు విలువగలదే. కాని నడిమి బండి కొనిన మాత్రమున విశాలముగా కూర్చుండవచ్చునని తలచి పోవువారు టేపు వెంట తీసికొనిపోవుట మేలు.

పెద్ద తరగతిలో వెడల్పు పెరిగినది. బండికి అయిదంగుళములు. ఇది యేమంత యని తోచవచ్చును. రెండు బండ్లు ఎదురుపడినపుడు అది పదియంగుళము లగును. ఆ పదియంగుళములే వీధియంచున నడుచువాని స్థలము.

ఈ నాలుగు మీటర్ల గీత యెక్కడనుండి వచ్చినదో చాలమందికి తెలియదు. ఇది వాహనశాస్త్రములో పుట్టినది కాదు, వీధుల వెడల్పును చూచి నిర్ణయించినదియు కాదు. 2006 నాటి కేంద్రపు ఆయవ్యయ పట్టికలో ఆర్థికమంత్రి చిదంబరముగారు చిన్న కారులపై ఎక్సైజు సుంకమును నూటికి 24 నుండి 16కు తగ్గించిరి. చిన్న కారనగా నేమి యను ప్రశ్నకు జవాబుగా పొడవు 4000 మిల్లీమీటర్లకు మించరాదు, పెట్రోలు ఇంజను 1200 సీసీకి, డీజిలు ఇంజను 1500 సీసీకి మించరాదు అని నిర్వచించిరి. అంతట తయారీదారులు బండ్లను గీతకు లోబడునట్లు కత్తిరింప మొదలిడిరి. 2013లో ఎకోస్పోర్టు 3999 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చెను. ఒక్క మిల్లీమీటరు మిగిల్చిరి! 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో మన పెనుగొండ కర్మాగారమునుండి సోనెట్, అన్నియు ఆ గీత నానుకొనియే పుట్టినవి. ఆర్థికశాఖవారి కలము బండి వెనుకభాగమును తీర్చిదిద్దిన వింత ఇతర దేశములలో అరుదు. జపానులో మాత్రము ఇట్టిది కలదు. దానిని ముందు చెప్పెదము.

సుంకపు గీత నేటికిని చెక్కుచెదరలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన పిదప పన్నుకుతోడు సెస్సును చేర్చి పెద్ద ఎస్‌యూవీపై నూటికి 50 వరకును వసూలు చేసిరి. 2025 సెప్టెంబరు 22 నుండి సెస్సు తొలగిపోయినది. గీతకు లోపలి బండికి 18 పాళ్లు, వెలుపలి బండికి 40 పాళ్లు. విద్యుత్తు బండికి మాత్రము, చిన్నదైనను పెద్దదైనను, 5 పాళ్లే. ఒక లెక్క వేసి చూతము. పన్నుకు ముందు 8 లక్షల ఖరీదుగల బండి గీతకు లోపల నున్నచో 9 లక్షల 44 వేలకు వచ్చును. అదే ఖరీదుగల బండి గీత దాటినచో 11 లక్షల 20 వేలు. బండిలో ఇనుము పెరుగలేదు, సీటు పెరుగలేదు. లక్ష 76 వేలు పెరిగినది. దీనిపై రాష్ట్రపు జీవితపన్ను వేరు. అదియు బండి వెలనుబట్టి శాతముగా కట్టవలసినదగుటచే పైదాని భారము క్రిందిదానిపైనను పడును.

ఇచ్చట జాగ్రత్తగా చూడవలసిన చిన్న మెలిక యొకటి. పొడవు నాలుగు మీటర్లలోపల నున్నంత మాత్రమున తక్కువ పన్ను రాదు. ఇంజనును గీతకు లోబడవలెను. బ్రెజా పొట్టిదే, కాని దాని పెట్రోలు ఇంజను 1462 సీసీ. కావున అది 40 పాళ్ల పంక్తిలోనే కూర్చున్నది. నెక్సాన్, వెన్యూ, సోనెట్లు 18 పాళ్ల పంక్తిలో నున్నవి. పొట్టి బండి కొనుచున్నాము గనుక చిన్న పన్నే యని నమ్మి పోవువారు ఈ భేదమును షోరూములో నడిగి తెలిసికొనవలెను. తమంత తాము చెప్పువారు తక్కువ.

ఇక అప్పు సంగతి. చిన్నదానికిని దానిపైదానికిని అయిదు లక్షల వ్యత్యాస మనుకొందము. ఆ యైదు లక్షలును బ్యాంకు అప్పే యైనచో, నూటికి తొమ్మిది వడ్డీపై ఏడేండ్లకు నెలకు సుమారు 8,045 రూపాయల వాయిదా. ఏడేండ్లకు కట్టునది 6 లక్షల 75 వేల పైమాట. అడుగు పొడవునకు ఇంత చెల్లించుచున్నామని యెరిగి చెల్లించువారిని మేము తప్పుపట్టము. ఎరుగక చెల్లించువారినిగూర్చియే మా విచారము.

ఓరుగంటి వీధులను గూర్చి ఓరుగంటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఖిలాలో కాకతీయులు కట్టించిన ద్వారములున్నవి. శత్రువు నేరుగా దూసికొని రాకుండునట్లు వానిని వంకర త్రిప్పి కట్టిరి. నేటికిని త్రోవ ఆ ద్వారముల గుండనే పోవుచున్నది. ఏనుగుల దండును నిలువరించుటకు పన్నిన ఉపాయము నేడు ఎదురెదురుగా వచ్చిన రెండు ఎస్‌యూవీలను నిలువరించుచున్నది. ఏది వెనుకకు పోవలెనో తేలువరకు హారనుల మ్రోత. మట్టెవాడ, పిన్నవారి వీధి, చౌరస్తా పరిసరములలోని సందులు ఎడ్లబండికిని, తర్వాత జట్కాకును, తర్వాత రిక్షాకును తగినట్లు ఏర్పడినవి. వానిలో నేడు ఇరువైపులను దుకాణముల మెట్లు, మెట్లముందు ద్విచక్రములు, ద్విచక్రముల ముందు తోపుడు బండ్లు. ఏనుమాముల మార్కెట్టుకు పత్తియు మిరపయు వచ్చు ఋతువున కాశిబుగ్గ వైపునుండి లారీలును ట్రాక్టర్లును బారులు తీరును. ఎంగిలిపూల బతుకమ్మనాటి సాయంకాలము వేయిస్తంభముల గుడి చుట్టుపట్ల తాంబాళములు తలకెత్తుకొని వచ్చు స్త్రీలతో త్రోవ నిండిపోవును. అట్టి త్రోవలో రెండు టన్నుల బండి అంగుళ మంగుళముగా జరుగుచు, లోపల చల్లగా కూర్చున్న నలుగురికై వెలుపల నలుబదిమందిని గోడ కంటించుచుండుట మేము చూచితిమి. నడుపువాడు దుష్టుడు కాడు; మర్యాదస్థుడే, చెమటలు క్రమ్మి బెదరియున్నాడు. బండి ఆ వీధికి తగినది కాదు, అంతియే.

పెద్ద బండి కొనువారు చెప్పు కారణములలో మొదటిది మేడారము. రెండేండ్లకొకమారు సమ్మక్క సారలమ్మల జాతరకు ఇంటిల్లిపాదియు పోవలెను. అత్తవారివైపు వారు, మేనమామవైపు వారు వత్తురు. బెల్లము, మేకపిల్ల, వంటసామగ్రి వేరు. ఏడుగురు పట్టు బండి లేనిచో నెట్లు? ఈ ప్రశ్నలో నిజము లేకపోలేదు. ఉమ్మడి కుటుంబపు మమత మనకింకను మిగిలియుండుట సంతోషింపదగినదే. కాని జాతర రెండేండ్లలో నాలుగు దినములు. మిగిలిన ఏడువందల యిరువదియారు దినములలో ఆ బండిలో పోవునది యెవరు? ఉదయమున సుబేదారి నుండి కచ్చేరికి ఒక్కడు. సాయంకాలము ట్యూషను వద్దకు తల్లియు బిడ్డయు. నాలుగు దినములకై తూఫాను బండి నొకదానిని మాట్లాడుకొనవచ్చును. జాతరకు ఆర్టీసీవారు వేలకొలది బస్సులను నడుపుచున్నారు. అవి గద్దెలకు దగ్గరగా దింపును, సొంత బండ్లను దూరముగా పొలములలో నాపివేయుదురు. పోయివచ్చినవారెల్ల ఎరిగిన సంగతియే యిది.

మూడవ వరుసను గూర్చియు ఒకమాట. అది ఫోటోలో కనబడునంత సుఖమైనది కాదు. అందు చేరుటకు నడిమి సీటును మడిచి, వంగి, దూరవలెను. ముసలివారికి అసాధ్యము; కావున పిల్లలే కూర్చుందురు. పిల్లలు పెరుగుదురు. మూడవ వరుస నెత్తి నిలిపినపుడు వెనుక సామానుకు మిగులు చోటు అత్యల్పము. ఏడుగురు పట్టిన బండిలో ఏడుగురి పెట్టెలు పట్టవు. మేకపిల్ల మాట చెప్పనేల? నిజముగా ప్రతిదినమును ఆరేడుగురు కలిసి పోవలసిన సంసారమునకు ఎస్‌యూవీ కాని బండి యొకటి కలదు. ఎర్టిగా వెడల్పు 1735 మాత్రమే. పైన చెప్పిన చిన్న ఎస్‌యూవీలకంటె సన్ననిది, ఏడుగురిని పట్టును. అందు దర్పము లేదు. కావుననే కాబోలు, ఓరుగంటిలో దాని నెక్కువగా కిరాయి బండ్లవారు కొనుచున్నారు. వారు లెక్క తెలిసినవారు.

ముసలివారి మాట వచ్చినది గనుక మరియొకటి. ఎస్‌యూవీ యెక్కుట దిగుట సులభమని ప్రసిద్ధి. చిన్న తరగతి విషయమున నిది సత్యము. సీటు నడుము ఎత్తున నుండును, వంగనక్కరలేదు, ఎగురనక్కరలేదు. పెద్ద తరగతిలో చట్రముపై కట్టిన ఎత్తైన బండ్లకు మెట్టు కావలెను. చీర కట్టిన డెబ్బదియేండ్ల తల్లి ఒకచేత పిడి పట్టుకొని, రెండవచేత కుచ్చెళ్లెత్తుకొని, ఆ మెట్టెక్కుటను చూచినపుడు ఆమె సుఖమునకై ఈ బండి కొంటిమన్న కుమారుని మాట వినుటకు కష్టముగా నుండును.

రెండవ కారణము వానలు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను, 2025 అక్టోబరులో మొంథా తుపానుతోను ఈ నగరము మునిగినది. నయీంనగరు, హంటరు రోడ్డు ప్రాంతముల వారికి ఆ రాత్రులు మరపురానివి. ఎత్తైన బండి కావలెనను కోరిక అందుండి పుట్టిన భయము, పరిహసింపదగినది కాదు. కాని నేలకును బండి యడుగునకును నడుమ గల యెడమును చూడుడు. తయారీదారులు చెప్పుకొను లెక్కప్రకారము నెక్సానుకు 208 మిల్లీమీటర్లు, దానికంటె పెద్దదైన క్రెటాకు 190. తరగతి పెరిగినకొలది యెడము పెరుగునను నియమము లేదు. అంతకంటె ముఖ్యమైనది, పారుచున్న నీటికి తరగతుల భేదము తెలియదు. అడుగు లోతు ప్రవాహము చాల కారులను తేల్చును; రెండడుగుల ప్రవాహము ఎస్‌యూవీతో సహా చాలబండ్లను ఈడ్చుకొనిపోవును. నా బండి పెద్దది గదా యను ధైర్యముతో పొంగుచున్న కాలువమీది కల్వర్టు దాటబోవుటకంటె చిన్న బండిని ఇంటిముందే నిలిపి ఊరకుండుట క్షేమము. ముంపునకు మందు నాలాల విస్తరణమే గాని బండ్ల విస్తరణము కాదు.

మూడవది ప్రాణరక్షణ. ఇది యన్నిటికంటె గట్టి వాదము, దీనిని మేము తేలికగా త్రోసివేయము. హైదరాబాదుకు పోవు 163వ నెంబరు జాతీయ రహదారిపై రాత్రివేళ దీపములు లేని ట్రాక్టరు ట్రాలీలు నిలిచియుండును. జనగామ, ఆలేరు ప్రాంతముల వారికి ఆ కథలు తెలియును. రెండు బండ్లు ఢీకొనినపుడు బరువైనదానిలోనివారికి దెబ్బ తక్కువ, తేలికదానిలోనివారికి ఎక్కువ. ప్రకృతిధర్మమును కాదనుట కెవరితరము? ఐనను పరిమాణమే రక్ష యనుట పొరపాటు. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు 2016లో పరీక్షించిన ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు సున్న నక్షత్రములు వచ్చినవి. 2018 డిసెంబరులో నాలుగు మీటర్లలోపలి నెక్సానుకు అయిదు నక్షత్రములు వచ్చినవి. మన దేశపు తయారీలో అయిదు పొందిన మొదటి బండి యదియే. క్రొత్తగా రూపొందించిన స్కార్పియో-ఎన్ 2022లో అయిదు పొందినది. అనగా రక్షణ యుండునది బండి పొడవులో కాదు, కూర్పులో. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్షయు నడచుచున్నది. కొనబోవు బండికి అందెన్ని నక్షత్రములో చూచుకొనుటకు అరగంట చాలును. ఈ నక్షత్రముల నొక తరగతి బండ్లలో పోల్చి చూచుకొనవలెను గాని ఒకటిన్నర టన్నుకు తక్కువైనదానిని రెండు టన్నులదానితో పోల్చుటకు అవి యుద్దేశింపబడలేదు. దీనిని దాచుట న్యాయము కాదు.

నక్షత్రము లైదున్నను బెల్టు పెట్టుకొననివానిని రక్షింపలేవు. 2022 సెప్టెంబరు 4వ తేదీన పాల్ఘరు సమీపమున సైరస్ మిస్త్రీగారు మరణించిన బండి ఖరీదైనది, పెద్దది, విదేశపు పేరుగలది. ఆయన వెనుక సీటున బెల్టు లేకయే కూర్చున్నట్లు పోలీసులు చెప్పిరి. మన యూరిలో వెనుక సీటున బెల్టు పెట్టుకొనువా రెందరు? పెద్ద బండికై ఆరు లక్షలు ఎక్కువ కట్టుటకు సిద్ధపడి, ఉచితముగా వచ్చిన పటకాను సీటు క్రింద త్రోసివేయుచున్నాము.

లోపలివారి ప్రాణమునకు చెప్పు వాదమును వెలుపలివారికిని చెప్పవలెను గదా. అమెరికాలోని రహదారి రక్షణ బీమా సంస్థవారు 2023లో ప్రకటించిన పరిశోధనలో బానెట్టు ఎత్తు నలుబది యంగుళములు మించిన బండి తగిలినపుడు నడుచువాడు మరణించుట, ముప్పదియంగుళములకు మించక వాలుగా నున్న బానెట్టు బండి తగిలినపటి కంటె నూటికి సుమారు 45 పాళ్లెక్కువయని తేలినది. నలుబది యంగుళము లనగా మన యింటి నాలుగైదేండ్ల బిడ్డ యెత్తు. తగ్గు బానెట్టు కాళ్లకు తగులును. ఎత్తు బానెట్టు రొమ్మునకు, తలకు తగులును. బండి యెదుట నిలిచిన బిడ్డ నడుపువానికి కనబడకపోవుటయు కలదు. నడకబాటలన్నియు దుకాణములకు పోగా బడిపిల్లలు తారుమీదనే నడుచు మన నగరమున ఈ యంకె అమెరికాలో కంటె భయంకరమైనది.

నాలుగవ కారణమును ఎవరును షోరూములో బిగ్గరగా చెప్పరు. అది గౌరవము. పెద్ద బండి దిగినవానికి సర్కారు కచ్చేరి వాకిట దారి దొరకును. పెండ్లిపందిరి వద్ద ముందు కుర్చీ దొరకును. ఇది కొనువాని దోషము మాత్రమే కాదు. కుర్చీ వేయువారి దోషము కూడ. కాని ఈ గౌరవము ఒకచోట ఘోరరూపమును దాల్చినది. వెనుక కట్నముతోపాటు మోటారు సైకిలు అడిగెడివారు, పిదప కారనిరి, నేడు పెద్ద బండే కావలెననుచున్నారు. 1961 నాటి చట్టము కట్నమును నిషేధించి ఆరుపదుల యేండ్లు దాటినది. లాంఛనములను పేరున బండి తాళపుచెవులు వెండిపళ్లెములో చేతులు మారుచున్నవి. నాలుగు మీటర్ల బండికి ఒప్పుకొనిన తండ్రి, వరునివారు ‘మా పెద్దల్లునికి ఏడు సీట్లది వచ్చినది’ అనగానే ఇంకొక అర యెకరము బేరము పెట్టుచున్నాడు. ఆ యర యెకరమున పత్తియో మొక్కజొన్నయో పండి యిద్దరికి అన్నము పెట్టెడిది. బండి పదేండ్లకు ఇనుపసామానగును. పరిమాణపు తరగతులను గూర్చిన చర్చ మన యిండ్లలో నిజముగా ప్రాణముమీదికి తెచ్చునది ఇచ్చటనే. వధువు తండ్రిని టేపు తీసికొనిపొమ్మని మేము చెప్పము. బేరమునుండి లేచి రమ్మందుము.

పెద్ద బండి యెవరికిని వలదని మా యభిప్రాయము కాదు. ములుగు, భూపాలపల్లి అడవి గ్రామములలో వానకాలము త్రోవ మట్టిలో కలిసిపోవుచోట్ల తిరుగు వైద్యుడు, గుత్తేదారు, సేద్యపు సామాను మోయు పెద్దరైతు, వారమునకు నాలుగు మారులు రాజధానికి ఆరుగురితో పోయివచ్చువాడు, వీరికి పెద్దది పనిముట్టు. పనిముట్టు పనికి తగినంత యుండవలెను. దూరప్రయాణమున పెద్ద బండి కుదుపు తక్కువ, అలసట తక్కువ అనుటయు నిజమే. సొంత ప్రహరీలో నిలుపుకొను స్థలముండి, నగరపు సందులలోనికి తేకున్నచో వారినెవరు ప్రశ్నింపగలరు? హైదరాబాదుకు ఒంటరిగా పోవువాడు మాత్రము కాజీపేటలో రైలెక్కి పత్రిక చదువుకొనుచు పోవచ్చునని ఈ సందర్భమున జ్ఞాపకము చేయుట మా వృత్తిధర్మము.

ప్రభుత్వము చేయదగిన పని కొంత కలదు. పొడవును కొలిచి పన్ను వేయుట వీధిలో నడుచువానికి ఉపకరించినది కాదు. వానికి తగులునది పొడవు కాదు, వెడల్పును బరువును. పారిసు నగరవాసులు 2024 ఫిబ్రవరిలో ఓట్లు వేసి, 1.6 టన్నులు మించిన పెట్రోలు, డీజిలు బండ్లను తెచ్చు పైయూరి వారికి వీధిలో నిలుపుటకు రుసుము మూడింతలు చేసిరి. జపానువారు అంతకంటె దూరము పోయినారు. వారి కెయి తరగతి బండికి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించరాదు; ఇంజను 660 సీసీ. దానికి పన్ను తక్కువ. 1962 నాటి వారి చట్టము ప్రకారము బండి నిలుపుకొనుటకు చోటున్నదని ధ్రువపత్రము చూపనిదే కారు రిజిస్టరు కాదు. మనకు వలసిన పాఠము దీనిలో నున్నది. ఓరుగంటిలో నేడు లేచుచున్న అపార్టుమెంటుల సెల్లారులలో స్తంభమునకును స్తంభమునకును నడుమ ఎంత యెడముండవలెనో, అందు ఎన్ని యే తరగతి బండ్లు పట్టునో మహానగరపాలక సంస్థవారు అనుమతి నిచ్చునాడే వ్రాయించవలెను. కొనువారికి ఆ కాగితము చూపించవలెను. ఫ్లాటు కొనిన పిదప బండి, బండి కొనిన పిదప చోటు వెదకుట నేటి యాచారము. చోటు దొరకనివారు నాలా మీదనో, గుడి గోడ ప్రక్కనో నిలుపుచున్నారు. వానకాలమున అవే కొట్టుకొనిపోవుచున్నవి.

చట్టములు వచ్చువరకు గృహస్థు తన చేతిలోని పని చేసికొనవచ్చును. గడచిన నెలలో తన కుటుంబము చేసిన ప్రయాణములన్నిటిని ఒక కాగితముపై వ్రాసి, ప్రక్కన ఎక్కిన జనుల సంఖ్య వేసికొనవలెను. పిదప షోరూమువారి నడిగి పరీక్షకిచ్చు బండిని ఖాళీ రోడ్డుపై గాక, సాయంకాలము ఆరు గంటలకు తన సందులోనికి తెప్పించుకొనవలెను. గేటు తీసి లోపలికి ఎక్కించి, రెండు తలుపులును తెరచి దిగి చూడవలెను. తల్లిని ముందు సీటున, తమ్ముని వెనుక వరుసన కూర్చుండబెట్టి చౌరస్తా వరకు పోయిరావలెను. మన యూరి షోరూములవారు అడిగినచో ఇంతమాత్రము చేయుదురు, అడుగువారే లేరు.